ప్యాడ్లు మార్చాక బ్రేకు వదలడం లేదా? పట్టు ఎక్కడుందో తేల్చే పద్ధతి

ఇంట్లోనే ప్యాడ్లు మార్చి, చక్రాలు బిగించి, కారు బయటికి తీశాక మొదలవుతుంది అసలు సంగతి. పెడల్ మీంచి కాలు తీసినా బండి సాఫీగా దొర్లదు. ఒక పక్కకు లాగుతుంది. ఒక చక్రం దగ్గర మాడువాసన, రిమ్ము దగ్గరికి చెయ్యి తీసుకెళ్తేనే సెగ. ఈ దశలో చాలామంది నేరుగా కొత్త కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం) కొనేస్తారు. తొందరపడొద్దు. నిన్నటిదాకా లేని జబ్బు ఇవాళ వచ్చిందంటే, మీరు మార్చినవాటిలోనో కదిలించినవాటిలోనో కారణం ఉండే అవకాశమే ఎక్కువ. అవి వేళ్ల మీద లెక్కపెట్టేన్నే.

ఏదైనా విప్పేముందు ఒక్క ప్రశ్నకు జవాబు రాబట్టాలి. ప్యాడ్లను డిస్కుకు అదిమి ఉంచుతున్నది లోపల చిక్కుకున్న బ్రేక్ ఆయిల్ ఒత్తిడా, లేక కదలాల్సిన ఇనుప భాగం ఎక్కడో బిగుసుకుపోయిందా? ఈ ప్రశ్న దాటేసి విప్పడం మొదలెడితే రోజంతా పోతుంది, పైగా బాగున్న భాగాలకు డబ్బు పెడతారు.

డిస్కు బ్రేకు అసలు ఎలా వదులుతుంది

డ్రమ్ము బ్రేకులో లైనర్లను వెనక్కి లాగడానికి గట్టి స్ప్రింగులుంటాయి. మామూలు కార్ల డిస్కు బ్రేకులో, ప్యాడ్‌ను తోసే పిస్టన్‌ను వెనక్కి లాగే స్ప్రింగు ఉండదు. ఆ పనంతా పిస్టన్ చుట్టూ ఉన్న నలుచదరపు కోత రబ్బరు సీలుదే. బ్రేకు తొక్కినప్పుడు పిస్టన్‌తోపాటు సీలు కాస్త మెలిపడుతుంది. ఒత్తిడి తీయగానే తన ఆకారానికి తిరిగొస్తూ పిస్టన్‌ను మిల్లీమీటరులో కొద్ది వంతు వెనక్కి గుంజుతుంది. బయటి ప్యాడ్‌కు ఆ సాయం కూడా లేదు. కాలిపర్ తన పిన్నుల మీద జారితేనే అది డిస్కును వదులుతుంది.

ఇంత చిన్న బలంతో నడిచే వ్యవహారం కాబట్టే క్లిప్పు కింద పొరంత తుప్పున్నా, పిన్ను మీద సరిపడని గ్రీజున్నా బ్రేకు పట్టేస్తుంది. కొత్త ప్యాడ్లు డిస్కును కొద్దిగా రాసుకుంటూ తిరగడం మాత్రం మామూలే. మొదటి కొన్ని పదుల కిలోమీటర్లలో కాస్త వాసన రావడం కూడా అంతే. ఆ వాసన రెండు పక్కలా సమానంగా ఉండి, రోజులు గడిచేకొద్దీ తగ్గితే దాని గురించి మర్చిపోండి. ఒక్క చక్రం దగ్గరే వస్తూ, ఆ చక్రమే ఎక్కువ కాలుతుంటే ఈ వ్యాసం మీకోసమే.

దారిలో పొగ వస్తే

ఆపండి. ఎర్రగా కాలిన డిస్కు మీద నీళ్లు పోయొద్దు, పగిలే ప్రమాదముంది. సమతలంగా ఉన్న చోట గేరులో ఉంచి, చక్రాలకు అడ్డంపెట్టి వదిలేయండి. హ్యాండ్ బ్రేకు వేయొద్దు, పెడల్ తొక్కిపెట్టి కూర్చోవద్దు. చల్లారాక వదిలింది కదా అని అదే బండిలో దూర ప్రయాణం పెట్టుకోవడం ఇంకా పెద్ద తప్పు. డాట్ 4 బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు పడిపోతుంది. డాట్ 3 అయితే 205, 140. పట్టేసిన బ్రేకు పుట్టించే వేడి ఆ హద్దులు దాటగలదు. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు ఏర్పడతాయి, అప్పుడు పెడల్ నేల దాకా వెళ్లిపోతుంది. అంటే వదలని బ్రేకు కాస్తా పట్టని బ్రేకవుతుంది.

పనికి కావలసినవి

జాకీ, దానికి తోడు కనీసం రెండు స్టాండ్లు, చక్రాలకు అడ్డంపెట్టే దిమ్మలు, టార్క్ రెంచి, రింగు స్పానర్లు, సీ క్లాంపు, వైర్ బ్రష్షు, చదునైన ఆకురాయి, బ్రేక్ క్లీనర్, బ్లీడర్ నిపుల్‌కు (కాలిపర్‌లోంచి ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర) తొడిగే పారదర్శకమైన గొట్టం, పాత సీసా, మూత తెరవని కొత్త బ్రేక్ ఆయిల్. గ్రీజు విషయంలో మాత్రం రాజీ లేదు. స్లైడ్ పిన్నులకు బ్రేకుల కోసమే చేసిన సిలికాన్ లేదా సింథటిక్ గ్రీజు వాడాలి. బేరింగులకు పూసే మామూలు గ్రీజు పెట్రోలియం రకం. అది బ్రేకు రబ్బర్లను ఉబ్బిస్తుంది. చేతికి దూరంనుంచి వేడి చూపించే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుంటే సగం పని అయినట్టే.

కేవలం జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి కాలూ చెయ్యీ పెట్టొద్దు. బ్రేకు ధూళిని గాలి కొట్టి లేపొద్దు, తడిపి తుడవండి. వేడిగా ఉన్న భాగాల మీద బ్రేక్ క్లీనర్ కొట్టొద్దు.

మొదటి అడుగు: ఏ చక్రం, ఎప్పుడు

వీలైనంత తక్కువ బ్రేకు వాడుతూ 10 నిమిషాలు నడిపి, మెల్లగా ఆగండి. నాలుగు డిస్కుల వేడి చూడండి. ముందు చక్రాలు వెనకవాటికంటే వేడిగా ఉండటం సహజం, కాబట్టి ముందు ఎడమను ముందు కుడితో, వెనక ఎడమను వెనక కుడితోనే పోల్చాలి. ఒకే ఇరుసు మీద 10, 15 డిగ్రీల తేడాను పట్టించుకోనక్కర్లేదు. ఒకటి 60 చూపిస్తుంటే రెండోది 150 చూపిస్తే దోషి దొరికినట్టే. థర్మామీటరు లేకపోతే డిస్కు మీద ఒక్క నీటి చుక్క వేయండి. చుయ్యిమని ఆవిరైతే నీళ్లు మరిగే వేడిని దాటిందన్నమాట. వేలు మాత్రం పెట్టొద్దు.

ఇక్కడే ఇంకో సంగతి గమనించండి. స్టార్టు చేసిన క్షణంనుంచీ పట్టుకునే ఉందా, లేక మొదట బాగా తిరిగి కొన్ని కిలోమీటర్ల తర్వాత బిగుసుకుంటోందా? మొదటిది సాధారణంగా ఇనుప భాగాల తప్పు. రెండోది, అందులోనూ రెండు ముందు చక్రాలూ లేదా నాలుగూ కలిసి బిగుసుకుంటుంటే, ఆయిల్ వెనక్కి వెళ్లడం లేదని అనుమానించాలి.

రెండో అడుగు: లేపి తిప్పి చూడటం

గేరు న్యూట్రల్‌లో పెట్టి, నేల మీదున్న చక్రాలకు దిమ్మలు అడ్డంపెట్టి, అనుమానమున్న ఇరుసును స్టాండ్ల మీదికి ఎత్తండి. వెనక చక్రాలు చూస్తుంటే హ్యాండ్ బ్రేకు దించి ఉండాలి. ఒకరిని పెడల్ గట్టిగా తొక్కి వదలమని చెప్పి, వెంటనే చక్రం తిప్పండి. సన్నగా రాసుకుంటూ ఒక చేత్తో తిరిగితే బాగున్నట్టే. ఇంజను బలం అందే చక్రాలు గేరుబాక్సు బరువువల్ల కాస్త మొండిగానే తిరుగుతాయి, కాబట్టి అక్కడా రెండు పక్కలూ పోల్చిచూడాలి తప్ప ఎన్ని చుట్లు తిరిగిందని లెక్కపెట్టడం వల్ల లాభంలేదు.

పెడల్ వదిలిన 2, 3 సెకన్ల దాకా బిగువుగా ఉండి తర్వాత మెల్లగా వదిలితే అది హోస్ పైపు (కాలిపర్‌కు ఆయిల్ తెచ్చే రబ్బరు గొట్టం) లక్షణం. చుట్టులో ఒక్కచోటే పట్టుకుని మిగతా చుట్టంతా వదులుగా ఉంటే డిస్కు ఊగుతోందని అర్థం. హబ్బు (చక్రం, డిస్కు బిగించే భాగం) మీద తుప్పు తుడవకుండా డిస్కు కూర్చోబెడితే ఇలాగే అవుతుంది. డిస్కు విప్పి హబ్బు ముఖం వైర్ బ్రష్షుతో మెరిసేలా రుద్ది మళ్లీ బిగించండి.

మూడో అడుగు: బ్లీడర్ పరీక్ష

మొత్తం వ్యవహారంలో కీలకమైనది ఇదే. చక్రం పట్టేసి ఉన్నప్పుడే చేయాలి. చల్లారి వదిలేశాక చేస్తే ఏమీ తెలియదు. అలాగని పొగలు కక్కుతున్నప్పుడూ చేయొద్దు. బాగా కాలిన లోహం మీద పడితే బ్రేక్ ఆయిల్ అంటుకోగలదు. కళ్లద్దాలు పెట్టుకోండి.

1. కాలిపర్ మీది బ్లీడర్ నిపుల్‌కు ముందు రింగు స్పానర్, దానిపైన గొట్టం తొడిగి, గొట్టం రెండో కొస సీసాలో పెట్టండి.
2. పెడల్ మీద ఎవరి కాలూ లేదని చూసుకుని నిపుల్ పావు చుట్టు వదులు చేయండి.
3. ఆయిల్ చిమ్మి, చక్రం వెంటనే వదులైతే లోపల ఒత్తిడి చిక్కుకుంది. ఆయిల్ మెల్లగా కారి, చక్రం అలాగే బిగువుగా ఉంటే కాలిపర్, పిన్నులు, ప్యాడ్లు, హ్యాండ్ బ్రేకు, వీటిలో ఏదో బిగుసుకుంది.
4. నిపుల్ మూసి, రిజర్వాయర్‌లో ఆయిల్ మట్టం సరిచేయండి. ఒలికిన ఆయిల్ పెయింటును తినేస్తుంది, వెంటనే నీళ్లతో కడగండి.

నిపుల్ తెరిచినా వదలకపోతే: ఇనుము వైపు

ఇంట్లో చేసిన పనుల్లో తప్పు ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది. కాలిపర్ విప్పి, హోస్ మీద బరువు పడకుండా తీగతో వేలాడదీసి, ఈ వరుసలో చూడండి.

*ప్యాడ్లు బ్రాకెట్లో జరుగుతున్నాయా.* బ్రాకెట్ అంటే ప్యాడ్లనూ కాలిపర్‌నూ మోసే ఇనుప చట్రం. అందులో ప్యాడ్ చెవులు (రెండు కొసల్లో పొడుచుకొచ్చిన భాగాలు) కూర్చునే చోట స్టీలు క్లిప్పులుంటాయి. వాటి కింద బ్రాకెట్ తుప్పుపడితే, తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి క్లిప్పు పైకి లేస్తుంది. పాత ప్యాడ్లు అరిగీ ఒరిగీ ఆ ఇరుకులోనే సర్దుకుని ఉంటాయి. కొత్తవి నిండు కొలతతో వచ్చి అందులో ఇరుక్కుంటాయి. క్లిప్పులు మార్చకుండా ప్యాడ్లు మాత్రమే మార్చినవారికీ, తుప్పు మీదే కొత్త క్లిప్పులు నొక్కినవారికీ ఇదే గతి. క్లిప్పులు తీసేయండి. బ్రాకెట్‌ను వైర్ బ్రష్షుతో, మొండి తుప్పుంటే ఆకురాయితో, లోహం మెరిసేదాకా రుద్దండి. తుప్పునే తీయాలి, ఇనుమును కాదు. క్లిప్పు చదునుగా, టక్కుమని కూర్చోవాలి.

ఇప్పుడు ప్యాడ్‌ను ఒక్కదాన్నే పెట్టి బొటనవేలితో తోసి చూడండి. అటూ ఇటూ జరగాలి. సుత్తి కావాల్సివస్తే అక్కడే ఆగండి. కొన్ని ప్యాడ్ల చెవుల అంచుల మీద పెయింటు మందంగా పేరుకుని ఉంటుంది. ఆకురాయితో రెండు మూడు గీతలు గీస్తే సరిపోతుంది. అంతకుమించి అరగదీయాల్సి వస్తోందంటే మీకిచ్చిన ప్యాడ్లే వేరే మోడలువి. పాత ప్యాడ్ వెనక ఇనుప పలకను కొత్తదాని మీద పెట్టి చూస్తే నిమిషంలో తేలుతుంది. అందుకే పని పూర్తయ్యేదాకా పాత ప్యాడ్లు పారేయొద్దు.

ఆ పాతవి ఇంకో కబురు కూడా చెబుతాయి. లోపలి ప్యాడ్ బయటిదానికంటే బాగా అరిగి ఉంటే పిస్టన్ వెనక్కి రావడం లేదు, లేదా కాలిపర్ పిన్నుల మీద జారడం లేదు. బయటిదే ఎక్కువ అరిగితే అది బ్రాకెట్లో ఇరుక్కుంది, లేదా పిన్నులు కాలిపర్‌ను తిరిగి రానివ్వడం లేదు. ఒకే ప్యాడ్ ఒక కొస మందంగా, ఒక కొస పలచగా ఉంటే ఒక పిన్ను బిగుసుకుంది. అంటే జబ్బు ముందునుంచే ఉంది, కొత్త ప్యాడ్ల మందం దాన్ని బయటపెట్టింది.

ఇంకా మూడు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. కొత్త ప్యాడ్ వెనక షిమ్ము (పలచటి రేకు) అతికించే వచ్చినా పాత షిమ్ము కూడా పెట్టడం, లోపలి ప్యాడ్ బయటా బయటిది లోపలా పెట్టడం, పిస్టన్ బోలులోకి వెళ్లాల్సిన స్ప్రింగు క్లిప్పు సరిగా దిగకపోవడం. ఈ మూడింటికీ ఫలితం ఒకటే. ప్యాడ్ డిస్కుకు సమాంతరంగా కూర్చోదు.

*స్లైడ్ పిన్నులు.* రెండు పిన్నులూ బయటికి లాగండి. ఒకదాని కొసకు రబ్బరు తొడుగుందేమో చూడండి. అలా ఉన్న కాలిపర్లలో పైది కిందా కిందది పైనా పెడితే పిన్ను బిగుసుకుంటుంది. ఏది ఎక్కడన్నది మీ కారు సర్వీసు మాన్యువల్లో ఉంటుంది, లేదా రెండో పక్క చక్రం విప్పి చూస్తే తెలుస్తుంది. మొదటిసారే ఫోటో తీసుకున్నవారికి ఈ తిప్పలుండవు. రబ్బరు ఉబ్బి మెత్తబడితే గతంలో ఎవరో మామూలు గ్రీజు పూశారన్నమాట. ఆ రబ్బర్లు మార్చాల్సిందే, తుడిస్తే బాగుపడవు.

పిన్నునూ, అది దూరే రంధ్రాన్నీ పాత గ్రీజు మిగలకుండా క్లీనర్‌తో, సన్నటి నైలాన్ బ్రష్షుతో శుభ్రం చేసి పూర్తిగా ఆరనివ్వండి. ఒక్కో పిన్నుకు బఠాణీ గింజంత గ్రీజు చాలు, పలచటి పొరలా పూయాలి. రంధ్రం నిండా కూరితే పిన్ను అడుగున గ్రీజూ గాలీ చిక్కుకుని దాన్ని పైకి తోస్తుంటాయి. లోపలికి నొక్కి వదిలితే పిన్ను స్ప్రింగులా వెనక్కి తన్నుకొస్తోందా? రబ్బరు బూటు అంచు కొద్దిగా ఎత్తి గాలి వదలండి, ఎక్కువైన గ్రీజు తుడిచేయండి. సరిగా ఉన్న పిన్ను వేళ్లతో తిప్పితే తిరుగుతుంది, నొక్కిన చోటే నిలుస్తుంది. పిన్నును చదునైన అద్దం మీద దొర్లించి చూడండి. ఎగిరెగిరి దొర్లితే వంగిపోయింది, మార్చండి.

బోల్టు బిగించేటప్పుడు పిన్నును సన్నటి స్పానరుతో పట్టుకోండి. లేకపోతే బోల్టుతోపాటు పిన్నూ తిరిగి బూటు మెలిపడుతుంది.

*పిస్టన్.* కొత్త ప్యాడ్లకు చోటు చేయడానికి పిస్టన్‌ను వెనక్కి నొక్కినప్పుడు, అన్నాళ్లూ బయట ఉండి మురికీ తుప్పూ పట్టిన భాగం సీలు లోపలికి వెళ్లింది. పాత ప్యాడ్లతో బాగున్న కాలిపర్ కొత్తవి వేయగానే పట్టేయడానికి ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి. పరీక్ష ఇలా: ప్యాడ్లు తీసి, పిస్టన్ ఊడి రాకుండా ఎదురుగా చెక్కముక్క పెట్టి, ఒకరిని పెడల్ మెల్లగా తొక్కమనండి. 5, 6 మిల్లీమీటర్లు బయటికి వస్తే చాలు. దుమ్ము బూటు అంచు ఎత్తి పిస్టన్ గోడను చూడండి. మురికే అయితే కొత్త బ్రేక్ ఆయిల్‌లో తడిపిన గుడ్డతో చుట్టూ తుడవండి. తర్వాత పాత ప్యాడ్ అడ్డుపెట్టి సీ క్లాంపుతో మెల్లగా, నిటారుగా నొక్కండి. వంకరగా నొక్కితే ఇరుక్కుంటుంది. సాఫీగా, ఒకే బలంతో లోపలికి వెళ్లాలి.

గట్టిగా ఉంటే నిపుల్ తెరిచి మళ్లీ నొక్కండి. తెరిస్తే సులువుగా, మూస్తే కష్టంగా వెళ్తోందంటే పిస్టన్ మంచిదే, హోస్ మూసుకుపోతోంది. తెరిచినా కష్టమే అయితే పిస్టనే బిగుసుకుంది. దాని మీద గుంటలు పడినా, క్రోమ్ పూత లేచినా గరుకు కాగితంతో రుద్ది లాభంలేదు. సీళ్ల కిట్టుతోపాటు కొత్త పిస్టన్ వేయాలి, లేదా కాలిపర్ మార్చాలి. మట్టిరంగు ఫినాలిక్ పిస్టన్లు తుప్పుపట్టవు గానీ వయసుమీద ఉబ్బగలవు, స్క్రూడ్రైవరుతో మీటితే అంచులు పగులుతాయి.

*వెనక కాలిపర్లు, హ్యాండ్ బ్రేకు.* హ్యాండ్ బ్రేకు కేబుల్ నేరుగా కాలిపర్‌కు తగిలి ఉంటే ఆ పిస్టన్‌ను చాలావరకు తిప్పుతూ లోపలికి పంపాలి. సీ క్లాంపుతో బలవంతంగా నొక్కితే లోపలి మరచుట్టు యంత్రాంగం పాడవుతుంది, ఇక ఆ కాలిపర్ పనికిరాదు. ఎక్కువ కార్లలో గడియారం దిశలో తిప్పాలి, కొన్నింటిలో ఒక పక్క తిరగేసి ఉంటుంది. తిప్పాక పిస్టన్ ముఖం మీది గాడి, ప్యాడ్ వెనకున్న బొడిపె ఎదురెదురుగా వచ్చేలా ఆపాలి. ఇది తప్పితే బొడిపె గాడిలో దిగదు, ప్యాడ్ ఏటవాలుగా నిలిచి ఒక కొసన డిస్కును గీస్తూనే ఉంటుంది.

హ్యాండ్ బ్రేకు దించినప్పుడు కాలిపర్ మీది లివరు తన ఆపుడు దిమ్మకు పూర్తిగా ఆనాలి. ఆనకపోతే కేబుల్ విడదీసి చూడండి. విడదీయగానే లివరు వెనక్కి పోతే కేబుల్ బిగుసుకుంది, లేదా మరీ లాగి సర్దారు. పోకపోతే లివరు ఇరుసే తుప్పుపట్టింది. అరిగిన ప్యాడ్ల కాలంలో హ్యాండ్ బ్రేకు ఎత్తు ఎక్కువైందని కేబుల్ బిగించినవారు, కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు దాన్ని వదులు చేయడం మర్చిపోతారు.

ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకున్న కార్లలో సర్వీస్ మోడ్‌లో (మోటారు వెనక్కి తగ్గి పిస్టన్‌కు చోటిచ్చే స్థితి) పెట్టకుండా పిస్టన్ నొక్కకూడదు. పని అయ్యాక ఆ మోడ్ నుంచి బయటికి రాకపోతే మోటారు తన కొత్త స్థానం నేర్చుకోదు.

నిపుల్ తెరవగానే వదిలితే: ఆయిల్ వైపు

ఒక్క చక్రమే అయితే ముందు హోస్ పైపును అనుమానించండి. పైకి చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. లోపలి రబ్బరు పొర మాత్రం విడిపోయి తలుపులా పనిచేస్తుంది. కాలు తొక్కే బలానికి ఆయిల్ తోసుకుని వెళ్తుంది, సీలు గుంజే కొద్దిపాటి బలానికి తిరిగి రాలేదు. పని చేస్తున్నప్పుడు కాలిపర్‌ను హోస్‌కే వేలాడదీయడం, హోస్‌ను ప్లయర్‌తో నొక్కి మూయడం దీనికి దారితీస్తాయి. ఇంకో పొరపాటు కాలిపర్ ఒక చుట్టు తిరగబడి బిగించడం. హోస్ మీద పొడవునా ఉన్న గీత లేదా అక్షరాలు తాడులా మెలిపడి కనిపిస్తే అదే జరిగింది. కాలిపర్ విప్పి వెనక్కి తిప్పితే చాలు.

నిర్ధారణకు, చక్రం పట్టేసినప్పుడు నిపుల్ జోలికి పోకుండా, హోస్‌కు పైన ఇనుప గొట్టం కలిసే యూనియన్‌ను కొద్దిగా వదులు చేయండి. ఇక్కడ ఫ్లేర్ నట్ స్పానరే వాడాలి, మామూలు స్పానరు నట్టు మూలల్ని గుండ్రం చేస్తుంది. చక్రం వదలకపోతే ఒత్తిడి కింద ఉంది, అంటే హోసే దోషి. వదిలితే తప్పు ఇంకా పైన, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు తోసే సిలిండర్) వైపు ఉంది. హోసులు ఇరుసుకు రెండూ కలిపి మార్చడం మంచిది, వాటి వయసు ఒకటే కదా. యూనియన్ విప్పాక గాలి తీయడం తప్పనిసరి.

రెండు మూడు చక్రాలు కలిసి, అందులోనూ వేడెక్కేకొద్దీ బిగుసుకుంటూ పెడల్ ఎత్తుగా, రాయిలా మారుతుంటే మాస్టర్ సిలిండర్‌లోని సన్నటి రంధ్రం గురించి ఆలోచించాలి. పెడల్ పూర్తిగా పైకి వచ్చినప్పుడే ఆ రంధ్రం తెరుచుకుని, వేడికి వ్యాకోచించిన ఆయిల్‌ను రిజర్వాయర్‌లోకి వదులుతుంది. పెడల్ ఒకటి రెండు మిల్లీమీటర్లు కింద ఆగిపోయినా అది మూసుకునే ఉంటుంది. ఆయిల్‌కు దారి లేక ప్యాడ్లు తమంతట తామే బిగుస్తాయి. రాపిడికి ఇంకా వేడి, వేడికి ఇంకా ఒత్తిడి. చల్లారగానే అంతా మామూలే.

ముందు కాలి మ్యాట్ పెడల్‌కు అడ్డొస్తోందేమో చూడండి, నవ్వులాట కాదు. తర్వాత బొటనవేలితో పెడల్‌ను పైకి లాగండి. చక్రాలు వదులైతే పెడల్ ఇరుసు గానీ, బ్రేక్ లైటు స్విచ్చు సర్దుబాటు గానీ కారణం. అదీ కాకపోతే మాస్టర్ సిలిండర్‌ను బూస్టర్‌కు (పెడల్ బలాన్ని పెంచే డబ్బా) బిగించే రెండు నట్లు 3 మిల్లీమీటర్ల మేర వదులు చేసి సిలిండర్‌ను ముందుకు లాగండి. చక్రాలు వదిలితే పుష్ రాడ్ (మాస్టర్ సిలిండర్‌ను తోసే కడ్డీ) పొడవెక్కువగా ఉంది. ప్యాడ్లు మాత్రమే మార్చినచోట ఇది అరుదు, ఈమధ్య బూస్టరో మాస్టర్ సిలిండరో మార్చి ఉంటే ముందు దీన్నే చూడండి. ఆ నట్లు మళ్లీ బిగించకుండా బండి కదపొద్దు.

ఇక అందరికీ భయం పుట్టించేది: రిజర్వాయర్‌లో పొరపాటున ఇంజనాయిలో, పవర్ స్టీరింగ్ ఆయిలో పోయడం. మూత కింది రబ్బరు ఉబ్బి తన చోట కూర్చోకపోతే ఇదే సూచన. గాజు గ్లాసులో నీళ్లు తీసుకుని రిజర్వాయర్ ఆయిల్ కొన్ని చుక్కలు వేయండి. డాట్ 3, డాట్ 4 ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది. ఖనిజ నూనె పైన తేలుతుంది. తేలిందా, ఆ బండిని నడపొద్దు. కాలిపర్ సీళ్లు, హోసులు, మాస్టర్ సిలిండర్, ఏబీఎస్ యూనిట్, రబ్బరున్న ప్రతిదీ లెక్కలోకి వస్తుంది. ఇంట్లో చేసే పని కాదిది.

తిరిగి బిగించేటప్పుడు

చాలా చిన్న కార్లలో కాలిపర్ పిన్ను బోల్టులు 25 నుంచి 35 న్యూటన్ మీటర్లు, బ్రాకెట్ బోల్టులు 80 నుంచి 120, చక్రం నట్లు 100 నుంచి 120 మధ్య ఉంటాయి. మీ మాన్యువల్ వేరే అంకె చెబితే అదే ఖాయం. రాపిడి ముఖాలకు గ్రీజు మరక అంటకూడదు. స్టీరింగ్ ఈ కొసనుంచి ఆ కొసకు తిప్పి హోస్ ఎక్కడా రాసుకోవడం లేదని చూడండి.

బండి కదిలించేముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. ప్రతిసారీ సగం దూరమే. పాత మాస్టర్ సిలిండర్‌లో పెడల్‌ను నేల దాకా తొక్కితే, ఎన్నడూ వెళ్లని గరుకు భాగం మీదికి సీలు వెళ్లి చిరిగే ప్రమాదముంది. పెడల్ మెత్తగా ఉంటే గాలి ఉంది, తీయాల్సిందే.

ఆ వేడికి పాడైనవాటిని కూడా చూసుకోండి. ప్యాడ్ ముఖం అద్దంలా మెరుస్తున్నా, అంచులు పొడిపొడిగా రాలుతున్నా మార్చండి. డిస్కు నీలిరంగు తిరిగినా, దానిమీద సన్నటి బీటలు అంచు దాకా పాకినా అదీ అంతే. పొగ వచ్చేంత కాలిన చక్రంలో ఆయిల్ మార్చడం, దుమ్ము బూటు పగిలిందేమో చూడటం, బేరింగు మోత వినడం మానొద్దు.

ప్యాడ్లు కుదురుకోవడానికి, వెనక వాహనాలు లేని చోట గంటకు 50 కిలోమీటర్ల వేగంనుంచి 10కి, ఓ మోస్తరు బలంతో 8, 10 సార్లు తగ్గించండి. మధ్యలో అర నిమిషం గాలి తగలనివ్వండి, పూర్తిగా ఆపొద్దు. ప్యాడ్ల డబ్బా మీద వేరే పద్ధతి రాసి ఉంటే అదే పాటించండి.

పూర్తిగా చల్లారాక మళ్లీ మొదటి అడుగులోని పరీక్షే చేయండి, ఈసారి 15 నిమిషాలు నడిపి. ఎడమా కుడీ వేడి దగ్గరగా ఉంటే చక్రం నట్లు ఇంకోసారి టార్క్ రెంచితో సరిచూసి జాకీ లోపల పెట్టేయొచ్చు. తేడా అలాగే ఉంటే బ్లీడర్ నిపుల్ దగ్గరికే తిరిగి వెళ్లండి. ఈసారి జవాబు మారితే, అంటే మొన్న వదలనిది ఇవాళ వదిలితే, ఒకే చక్రంలో రెండు జబ్బులున్నాయి.